ఇరవయ్యో నిమిషంలో ఆగే ట్రాక్టరు

అబద్ధం చెప్పేవాళ్లకి చేతులు అడ్డమొస్తాయని గడియారం సిద్ధాంతం. నోరు కథ అల్లుతుంటే చెయ్యి దానితో సమంగా నడవలేదు. ఎక్కడో ఒకచోట ఆగుతుంది, లేదా లేని దుమ్ము దులుపుతుంది. ముప్పయ్యేళ్లుగా ఈ సిద్ధాంతాన్ని నమ్ముకునే ఆయన నాలుగు మెతుకులు తింటున్నాడు. అందుకే ఆ ఉదయం పదీ పదిహేనుకి అంటుమొక్కల షెడ్డులో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, ఎదుటామె మొహం వదిలేసి చేతులే చూస్తున్నాడు.

ఆ చేతులు ఆగడం లేదు. కత్తితో కొమ్మ చివర ఏటవాలుగా చెక్కడం, మొక్క కాండంలో గాటు పెట్టి అందులో దాన్ని దూర్చడం, రిబ్బను చుట్టడం, చిన్న స్టవ్వు మీది డబ్బాలోంచి కుంచెతో మైనం తీసి గాటు మీద పూయడం. ఒక మొక్క అయ్యాక ఇంకోటి. ఆమె అన్నయ్య ట్రాక్టరు కింద పడి చనిపోయి ఇవాళ్టికి ఆరో రోజు.

"మొక్కలకి మన చావులు తెలీవు సార్" అంది ఆమె, ఆయన చూపు కనిపెట్టి. "కోసిన కొమ్మలు ఇవాళ కట్టకపోతే రేపటికి ఎండిపోతాయి."

ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎప్పుడో కరువైపోయారు. ఎవరిని ఏమడిగినా చివరికి "అది ఎన్ని గంటలకి?" దగ్గర తేలుస్తాడు కనుక గడియారం అయ్యాడు. పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు వచ్చిన పేరది. ఉద్యోగం వదిలేసి సొంతంగా కేసులు చూస్తున్నా పేరు మాత్రం మిగిలింది.

"మీ అన్నయ్య ఆ రోజు బండి ఎన్ని గంటలకి తీశారమ్మా?"

"ఆరూ నలభై."

"అంత కచ్చితంగా ఎలా చెప్తున్నారు?"

ఆమె గడ్డంతో తలుపు వైపు చూపించింది. చేతులకి తీరిక లేదు.

తలుపు లోపలి వైపు ఆమె అన్నయ్య సుద్దముక్కతో రాసుకున్న వరసలు ఉన్నాయి. ఎడమవైపు బండి తీసిన టైము, కుడివైపు అది ఆగిన టైము. ఇరవై నాలుగు రోజుల లెక్క. 7.10, 7.32. 8.05, 8.25. 6.50, 7.14. గుండ్రటి, తొందర లేని అంకెలు. రెండు రోజులకి మాత్రం కుడివైపు అడ్డగీత. చిట్టచివరి వరసలో ఎడమవైపు 6.40 ఉంది. కుడివైపు ఏమీ లేదు. ఆ ఖాళీని గడియారం వేలితో తాకాడు. తనలాంటి మనిషే ఇంకొకడు ఉండేవాడన్నమాట. బతికుండగా పరిచయమైతే ఎంత బాగుండేది అనిపించింది.

"ఈ అడ్డగీతలు?"

"ఆ రెండు రోజులూ ఆగలేదు. మొక్కల మధ్యలోకే క్యాను పట్టుకెళ్లి డీజిలు పోసుకున్నాడు ఆ రోజులు."

"మిగతా రోజులన్నీ ఇరవై, ఇరవై రెండు, ఇరవై నాలుగు."

"అవును సార్. ఇరవై నిమిషాలు తోలేవాడు, అది ఆగితే ఐదు నిమిషాలు పక్కన కూర్చునేవాడు, మళ్లీ తాళం తిప్పితే స్టార్టయ్యేది. 'దీనికి ఆయాసం చెల్లీ, ముసలాళ్లని కూర్చోబెట్టినట్టు కాసేపు కూర్చోబెడితే లేచి నడుస్తుంది' అని నవ్వేవాడు." ఆమె కుంచె మైనంలో ముంచింది. "వాడికి దేనిమీదా కోపం రాదు. ఇనుము మీద కూడా రాదు."

"ఇక్కణ్నుంచి ఆ బండి పడిన ర్యాంపు పైకి ఎంతసేపు?"

"పది నిమిషాలు పట్టదు."

అంటే చేతిలో ఇంకా సగం టైముందనుకునే మట్టి ట్రాలీతో ఎత్తెక్కాడు. మధ్యలో ఇంజిను ఆగింది. బ్రేకుల్లేని ట్రాలీ వెనక్కి లాగింది. బండి అడ్డం తిరిగి పక్కకి పడింది. "మీకు కేక వినిపించింది ఎన్ని గంటలకి?"

"నీళ్ల పంపు ఆరూ యాభైకి దానంతటదే మొదలవుతుంది. అది మొదలవ్వలేదు ఇంకా."

అంటే మహా అయితే తొమ్మిది నిమిషాలు. ఇన్నాళ్లూ ఇరవై నిమిషాలు నడిచిన బండి ఆ రోజు తొమ్మిదికే ప్రాణం వదిలింది. గడియారం ఆ రెండంకెలనీ పుస్తకంలో పక్కపక్కన రాసుకుని చుట్టూ గీత గీశాడు.

"ముందు రోజు సాయంత్రం డీజిలు పోశారా?"

"గొంతు దాకా నింపి పెట్టాడు, పొద్దున్నే పని ఎక్కువుందని."

"ఈ జబ్బు ఎప్పుడు మొదలైంది?"

"వానలయ్యాక. డీజిల్లో నీళ్లు పడ్డాయని ట్రాక్టర్లు బాగుచేసే మేస్త్రి ట్యాంకు కడిగాడు. నీళ్లు ఎటునుంచి దిగుతున్నాయో చూసుకోమన్నాడు. అప్పుడు నేను..."

"ట్యాంకు కడిగింది ఏ రోజు? ఎన్ని గంటలకి?"

ఆమె ఆ రోజేదో, గంటేదో చెప్పింది. ఆయన రాసుకున్నాడు. ఆమె మొదలుపెట్టిన వాక్యం సగంలోనే ఉండిపోయిందని ఆయనకి అప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే ఆ మధ్యాహ్నం వేరేలా గడిచేది.

"నాలుగుసార్లు తీసుకెళ్లాడు సార్ ఆ మేస్త్రి దగ్గరికి" అంది ఆమె. గొంతులో మొదటిసారి పదును వచ్చింది. "నాలుగుసార్లూ 'బాగానే ఉందిరా, తోలుకో' అని పంపించాడు. మా నాన్న స్నేహితుడు. బాబాయ్ అని పిలిచి పెరిగాం. ఆ చేతి మీద నమ్మకంతోనే మా వాడు ఎక్కాడు. మూడున్నరకి స్టేషనుకి రమ్మన్నారు నన్ను, ఫిర్యాదు మీద సంతకం పెట్టాలి. నాలుగింటికి ఆయన్ని కోర్టులో పెడతారట. మిమ్మల్ని పిలిచింది ఒక్కందుకే. ఆ ముసలాయన తప్పించుకోకుండా గట్టి ఆధారం కావాలి నాకు."

గడియారం లేచి నిలబడ్డాడు. షెడ్డంతా చక్కగా ఉంది. కప్పు పిడి విరిగితే ఎర్రటి మైనంతో అతికించి ఉంది. నీళ్ల డబ్బా అడుగున చిల్లు ఉంటే దాని మీదా ఎర్రటి బొట్టు. బల్ల చీలికలోనూ అదే.

"ఇదంతా ఈ మైనమేనా?"

"నేను కాచుకున్నదే. తేనెమైనం, గుగ్గిలం, కాస్త నూనె. పూసిన చోటు కనపడాలని ఎర్రమన్ను కలుపుతాను. బజార్లో దొరికేది ఎండకి పగులుతుంది." ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో చిన్న వెలుగు వచ్చి వెంటనే పోయింది. "చిల్లు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదని మా అన్నయ్య ఏడిపించేవాడు."

పదకొండూ ఇరవైకి ఆయన ర్యాంపు దగ్గరున్నాడు. మట్టి కట్ట, బండి పట్టేంత వెడల్పు, ఇటూ అటూ గడ్డి. ట్రాలీ చక్రాలు వెనక్కి జారిన చార ఇంకా చెరిగిపోలేదు. బండి పడిన చోట గడ్డి నలిగి, బానెట్టు అంచు దిగిన గుంట ఉంది. పోలీసులు దాన్ని లేపడానికి రెండున్నర గంటలు పట్టిందని రికార్డులో ఉంది. రెండున్నర గంటలు నిండు ట్యాంకుతో పక్కకి పడి ఉంది.

గడియారం మోకాళ్ల మీద వంగాడు. యాభై ఎనిమిదేళ్ల మోకాళ్లు గొణిగాయి. ట్యాంకు మూత ఆనిన చోటు వెతికి పట్టుకుని, మట్టి పిడికెడు తీసి వాసన చూశాడు. తడిమట్టి వాసన తప్ప ఇంకేమీ లేదు. గడ్డి చూశాడు. నలిగింది కానీ పచ్చగా ఉంది, కొత్త మొలకలు తలెత్తుతున్నాయి.

డీజిలు పడిన చోట గడ్డి బతకదు. ఈ సంగతి ఆయనకి తెలుసు, స్టేషను వెనక జీపులు ఆగే చోట ఏళ్ల తరబడి చూశాడు. నిండు ట్యాంకు పక్కకి పడి రెండున్నర గంటలుంటే ఒక్క చుక్క కూడా కారలేదు. ఎందుకు కారలేదు?

స్టేషనులో ఇన్‌స్పెక్టరు ఎదురొచ్చి మరీ పలకరించాడు. ఒకప్పుడు గడియారం కింద పనిచేసిన కుర్ర ఎస్సై. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం, ఆ లెక్క నేర్పింది గడియారమే.

"రండి గురువుగారూ! రెండూ పది. గంట కొట్టకుండానే వచ్చేశారే."

"మేస్త్రితో ఓ మాట మాట్లాడాలి."

"మాట్లాడండి. కానీ నాలుగింటికి కోర్టు. ఆధారం నా చేతిలో ఉంది." సొరుగు లాగి చిన్న రాగి వాషరు బల్ల మీద పెట్టాడు. "డీజిలు పంపు దగ్గర కొత్తది వెయ్యాల్సిన చోట పాతదే తిరగేసి బిగించాడు. వేడెక్కితే గాలి పీలుస్తుంది, బండి ఆగుతుంది. మా నిపుణుడు రాసిచ్చాడు. ముసలాడూ ఒప్పుకున్నాడు."

"గాలి పీలిస్తే ఆ గాలి బయటికి తీయాలిగా. నట్లు వదులు చేసి, చేత్తో పంపు కొట్టి, నానా తంటాలు పడాలి. ఆ అబ్బాయి ఐదు నిమిషాలు కూర్చుని తాళం తిప్పేవాడు, అంతే. వాషరు దానంతటదే బాగైపోయేదా?"

ఇన్‌స్పెక్టరు నవ్వు కాస్త తగ్గింది. "మీరు మెకానిక్కెప్పుడయ్యారు?"

"ఇవాళ మధ్యాహ్నం. వచ్చే దారిలో మూడు షెడ్లు తిరిగి అడిగాను. నువ్వు ఒక్క నిపుణుణ్ని అడిగావు. ఆయన బండి నడిపి చూశాడా?"

"రెండు గంటలు. ఆగలేదు."

"వాషరు తప్పయితే ఆగాలిగా మరి?"

ఇన్‌స్పెక్టరు వాషరు తీసి సొరుగులో పెట్టేశాడు. "నీతులు మీ దగ్గర నేర్చుకున్నవే గురువుగారూ. ఫైలు నున్నగా ఉండాలని మీరే చెప్పేవారు. ఓ నున్నటి ఫైలు మీరూ రాశారు, గుర్తుందా?"

గుర్తుంది. పదకొండేళ్ల కిందట రాసిన ఆ ఫైలుతో లోపలికి వెళ్లినవాడు బయటికి నడిచి రాలేదు. ఆ తర్వాత వాడి తప్పేమీ లేదని తేలింది. గడియారం ఉద్యోగం వదిలేసింది అందుకే. ఆ మాట ఎత్తితే తను నోరు మూస్తాడని ఇన్‌స్పెక్టరుకి తెలుసు. నిజంగానే ఆయన నోరు మూసుకుని లోపలి గదిలోకి నడిచాడు.

మేస్త్రి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, ఆరు రోజుల గడ్డం. గోళ్ల మధ్య నల్లటి మురికి ఏ సబ్బుకీ లొంగనంత పాతది. ఆ చేతులు ఒళ్లో పెట్టుకున్న తువ్వాలుని మడుస్తున్నాయి, విప్పుతున్నాయి.

"నేను బెయిలు అడగనండి" అన్నాడు ముందే. "వాణ్ని స్టీరింగు మీద కూర్చోబెట్టి నేర్పింది నేను. నాలుగుసార్లు తెచ్చాడు. నాలుగుసార్లూ నాకు చేతకాలేదు."

"ఆ నాలుగుసార్లూ ఏం చేశావో వరసగా చెప్పు. బండి రాగానే మొట్టమొదట ఏం చేస్తావు?"

"ట్యాంకు మూత తీసి వాసన చూస్తా. కర్ర ముంచి చూస్తా. డాక్టరు నాలిక చూడడూ? అలాగ. నలభయ్యేళ్లుగా అంతే."

"తర్వాత?"

"మూత పక్కన పెట్టి స్టార్ట్ చేస్తా. ఇంజినుకి ఎక్కువైన డీజిలు తిరిగి ట్యాంకులోకే వస్తుంది కదా, అందులో బుడగలొస్తున్నాయేమో చూడాలి. గంటసేపు చూశా. ఓసారి గంటన్నర. దగ్గనైనా దగ్గలేదు. ఫిల్టరు మార్చా, పైపులు ఊదా, పంపు విప్పి కట్టా. వాషరు పాతదే వేశా, నిజం, కొత్తది లేకపోయింది ఆ రోజు. నా దగ్గర పెళ్లికొడుకులా నడిచేది, వాడి దగ్గరికెళ్లి మొండికేసేది."

"అంటే నువ్వు చూసినంతసేపూ మూత తీసే ఉంది."

"అవునండి."

"మూత మూసి ఉంటే డీజిలు దిగేకొద్దీ లోపలికి గాలి ఎలా వెళ్తుంది?"

"మూతకి చిల్లుంటుంది కదండీ, సూది మొనంత. అందులోంచి గాలి..." మేస్త్రి తువ్వాలు మడవడం ఆపేశాడు. మొహంలో రక్తం దిగిపోవడం గడియారం కళ్లారా చూశాడు. "మూత" అన్నాడు మేస్త్రి, ఎవరితోనో అన్నట్టు. "ఓరి నా తండ్రీ, మూత! వాడు మధ్యలో డీజిలు పోసుకున్న రోజు ఆగలేదన్నాడు. నేను నవ్వానండీ. కడుపు నిండితే నడుస్తుందిలే అన్నాను."

రెండూ నలభైకి గడియారం ఇన్‌స్పెక్టరు బల్ల ముందు నిలబడ్డాడు.

"మీ నిపుణుడు రెండు గంటలు నడిపినప్పుడు ట్యాంకు మూత ఎక్కడుంది?"

"ఎంత డీజిలు తాగుతోందో కొలవడానికి కర్ర పెట్టాడు. మూత పక్కనుంది. అయితే?"

"దొందూ దొందే. మేస్త్రి చేసిన పొరపాటే ఆయనా చేశాడు. ట్యాంకు గొంతు దాకా నింపించు. మూత బిగించి నడుపుదాం. ఆగుతుంది."

"ఆగకపోతే?"

"మళ్లీ నీ గుమ్మం తొక్కను."

ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు, పెదవి విరిచాడు, కానిస్టేబులుకి క్యాను తెమ్మని సైగ చేశాడు. ఎంత పొగరున్నా పందెం అంటే పారిపోయే రకం కాదు. ఆ గుణం కూడా గడియారం నేర్పిందే.

ఆవరణలో ఓ మూల ఆ చిన్న ట్రాక్టరు వంకర తిరిగిన మడ్‌గార్డుతో నిలబడి ఉంది. మేస్త్రిని తెచ్చి మెట్ల మీద కూర్చోబెట్టారు. రెండూ యాభై ఎనిమిదికి కానిస్టేబులు తాళం తిప్పి, రేసు సగానికి పైగా పెట్టి వదిలాడు. ఇంజిను శుభ్రంగా పలికింది. ఐదు నిమిషాలు. ఎనిమిది. ఇన్‌స్పెక్టరు ఈల వేయడం మొదలుపెట్టాడు. తొమ్మిదో నిమిషం దాటింది. లోడు లేకుండా తిరుగుతోంది, ఇంకాస్త పడుతుందని గడియారం తనకి తాను చెప్పుకున్నాడు.

పదకొండో నిమిషంలో చప్పుడు మారింది. ఒకసారి తగ్గి మళ్లీ లేచింది. మళ్లీ తగ్గింది. మేస్త్రి తల పట్టుకున్నాడు. మూడూ పదికి ఇంజిను రెండుసార్లు ఎగఊపిరి తీసి ఆగిపోయింది. ఆవరణలో ఈల కూడా ఆగింది.

గడియారం వెళ్లి మూత తిప్పాడు. స్స్‌స్ మంటూ ట్యాంకు గాలి పీల్చుకుంది. తాళం తిప్పితే బండి ఏమీ ఎరగనట్టు మొదటి తిప్పుకే లేచింది.

"ట్యాంకు సగముంటే లోపల ఖాళీ ఎక్కువ, ఆ గాలితో ఇరవై నిమిషాలు నెట్టుకొస్తుంది" అన్నాడు. "నిండుగా ఉంటే ఖాళీ ఏదీ? తొమ్మిదికే ఊపిరాడదు. ఆపి కూర్చుంటే ఇంజిను వైపు పైపులోంచి మెల్లగా కాస్త గాలి చేరి మళ్లీ లేస్తుంది. ఆ అబ్బాయి ఇరవై లెక్కేసుకుని ఎత్తెక్కాడు. మూత గట్టిగా మూసుకుపోయింది కనుకే కింద గడ్డి మీద చుక్క కూడా కారలేదు. మేస్త్రి వాషరుకీ ఈ చావుకీ సంబంధం లేదు. వదిలెయ్."

అంటూనే మూత పైకెత్తి ఎండలో పట్టాడు. మూత నెత్తిన, మురికి పొర కింద, సూది మొనంత చిల్లు ఉండాల్సిన చోట చిన్న బొట్టు ఉంది. గోరుతో మురికి గీరాడు. బొట్టు ఎర్రగా ఉంది. నున్నగా, అంచులు జాగ్రత్తగా నొక్కి, గాటు మీద పూసినట్టు పూసి ఉంది.

'అప్పుడు నేను...' అని ఆమె ఆగిపోయిన వాక్యం గడియారానికి ఇప్పుడు పూర్తిగా వినిపించింది. ఎన్ని గంటలకి అని అడిగాడే కానీ, అప్పుడు ఏం చేశావమ్మా అని అడగలేదు.

తలెత్తేసరికి మేస్త్రి ఆ బొట్టునే చూస్తున్నాడు. ఆయనకీ అర్థమైంది. ఆ ఎరుపు వాళ్లింట్లో ప్రతి పగులు మీదా ఉంటుంది.

ఇన్‌స్పెక్టరు మూత లాక్కుని చూశాడు. "వాహ్ గురువుగారూ! నేను నిర్లక్ష్యం అనుకుని కూర్చున్నాను. ఎవరో పనిగట్టుకుని మూశారు. అంటే ఇది నిర్లక్ష్యం కాదు. హత్య."

ముసలాణ్ని తప్పించబోయి తను తవ్విన గొయ్యి ఎంత లోతుందో గడియారానికి అప్పుడు తెలిసింది.

"నేనేనండి" అన్నాడు మేస్త్రి, మెట్ల మీంచి లేచి. "ఆ చిల్లు నేనే మూశాను."

"ఎందుకు?"

"వాన నీళ్లు దిగకుండా."

"నలభయ్యేళ్ల మేస్త్రివి. అది మూస్తే బండి ఆగుతుందని తెలీదా? తెలిసీ మూశావంటే చంపాలనే."

మేస్త్రి ఒక్క క్షణం ఆలోచించాడు. "అలాగే రాసుకోండి" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు కాగితాలు తేవడానికి గబగబా లోపలికి వెళ్లాడు. గడియారం ముసలాయన భుజం పట్టుకున్నాడు.

"నువ్వు చెయ్యలేదు. ఇద్దరికీ తెలుసు."

"గట్టిగా అనకండి. ఆ పిల్లకి వాడు తప్ప ఎవరూ లేరండి. వాణ్ని నేను చంపాననుకుంటే నన్ను తిట్టుకుంటూనైనా బతుకుతుంది. తనవల్లే అని తెలిస్తే బతకదు. అయినా తప్పు నాది కాదా? నీళ్లెక్కణ్నుంచి దిగుతున్నాయో చూసి మూసెయ్యండమ్మా అన్నది నేనే. మూతకి చిల్లుంటుందనీ, అది ఉండి తీరాలనీ చెప్పలేదు. మాకది చెప్పాల్సిన సంగతిలా తోచదండి. అందరికీ తెలిసిందే అనుకుంటాం." కళ్లు తుడుచుకోలేదు, నీళ్లు వాటంతటవే గడ్డంలోకి దిగుతున్నాయి. "మీకు దణ్ణం పెడతా. ఊరుకోండి."

గడియారం ఎన్నో నేరాలు తవ్వితీశాడు. పూడ్చిపెట్టాలనిపించింది ఇదొక్కటే. కానీ ఓ నున్నటి ఫైలు కోసం ఇంకో అమాయకుణ్ని లోపలికి పంపడమా? ఆమెకి మెల్లగా, ఒంటరిగా, కూర్చోబెట్టి చెప్పాలి. ఆమె తెలిసి చేసింది కాదని ఇన్‌స్పెక్టరుకి రుజువు చూపించాలి. దానికి ఒక రోజు చాలు. మూడున్నరకి వస్తానంది. గేటు దగ్గరే ఆపి ఇంటికి పంపించెయ్యాలి. వాచీ చూసుకుని గేటు వైపు అడుగేశాడు. మూడూ ఇరవై.

ఆమె అప్పటికే గేటు లోపలుంది. పనిలో కట్టుకున్న చీరతోనే వచ్చేసింది. ఖాళీగా ఉండలేని ఆ వేళ్లు ఇక్కడా చిన్న ఎర్రటి మైనం ఉండని నలుపుతున్నాయి, మెత్తబెడుతున్నాయి.

"అమ్మా, ఇవాళ సంతకం వద్దు. పదండి, దారిలో మాట్లాడదాం" అన్నాడు గడియారం, ఆమెకి అడ్డంగా నిలబడి.

కానీ లోపల్నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చేశాడు. ఒక చేతిలో కాగితాలు, ఇంకో చేతిలో మూత. కలం క్యాపు తీసి, ఎర్రబొట్టు మీద దాని మొన ఆనించి గీరబోయాడు.

"అయ్యో, దాన్ని కదిలించకండి సార్!" అంది ఆమె గడియారం భుజం మీంచి. "అది ఊడిపోతే మళ్లీ నీళ్లు దిగుతాయి. ఎంత కష్టపడి మూశానో."

"అమ్మాయీ! నోరు మూసుకో!" మేస్త్రి అరిచాడు. ఆమె చిన్నప్పటి నుంచి ఆయన ఆమె మీద అరవగా ఎవరూ విన్నది లేదు.

ఆమె తెల్లబోయి ఆయన వైపు తిరిగింది. ఆరు రోజులుగా ఆ ముసలాయన అని తప్ప అననిది, పాత పిలుపు నోటికొచ్చేసింది. "ఏంటి బాబాయ్? అన్నయ్యకి కూడా చెప్పలేదు నేను, నవ్వుతాడని. నువ్వేగా చూసి మూసెయ్యమన్నావు. మూసినా దిగాయా నీళ్లు? అందుకేనా ఆగింది?"

మేస్త్రి రెండడుగులు ముందుకొచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. నవ్వడానికి ప్రయత్నం చేశాడు.

"లేదమ్మా" అన్నాడు. "ఒక్క చుక్క కూడా దిగలేదు. బాగా మూశావు."

ఆమె ఆయన మొహం చూసింది. తర్వాత మూత చూసింది, ట్రాక్టరు చూసింది, తిరిగి తన వేళ్ల వైపు చూసుకుంది.

ఆ చేతులు ఆగిపోయాయి.

ఇన్‌స్పెక్టరు పై కాగితం కిందికి తోసి, ఖాళీ కాగితం పైకి తీశాడు. అతని మొహంలో కూడా గెలిచిన కళ లేదు. అయినా కలం ఆగలేదు. "టైమెంతయింది గురువుగారూ?" అన్నాడు, తల దించుకునే.

గడియారం వాచీ ఉన్న చేతిని వెనక్కి పెట్టుకున్నాడు. ఎంతయిందో చెప్పలేదు.